ఐదో సిలువ

జూలై 6, ఆదివారం

చర్చి అయ్యాక కడపలో కమలాపురం బస్సెక్కాను. తమ్ముడు లేవి పొద్దున ఫోన్ చేసి ‘ఒకసారి వచ్చిపో అక్కా’ అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

వాడి మోటార్లు చుట్టే షాపు ఆదివారం కూడా తెరిచే ఉంది. ఆ మాట అనకూడదనుకున్నాను, అనలేదు. రాగితీగ చుట్టల మధ్య బల్ల మీద పెద్ద కాగితం పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు పాత బేరింగులు పెట్టాడు. పక్కన స్టూలు మీద ఓబుళేశు. బత్తాయిలు పండించే చీనీ తోట రైతు, వీడితో కలిసి చదువుకున్నవాడు.

“ఎర్రపెట్టె కంపెనీ వాళ్లు నోటీసు పంపినారక్కా,” అన్నాడు లేవి.

“నోటీసు సంగతి తర్వాతప్పా, నా పెట్టెకు చిప్పు ఎయ్యి ముందు,” అన్నాడు ఓబుళేశు. “బోరులో నీళ్లు అయిపోయినాయని నాకంటే ముందు ఆ పెట్టెకే తెలిసేది. టక్కుమని మోటారు ఆపేసేది. అది సచ్చినాక రెండు మోటార్లు కాల్చుకున్యాను.”

“కొత్త పెట్టెలు అమ్ముతాండారు కదా,” అన్నాను.

“కొత్తది కరెంటు కాస్త తగ్గితే పండుకుంటాదక్కా. అదీగాక ఫోన్లో మాట్లాడతాదంట. నాకు నా పెండ్లాంతో మాట్లాడేకే టైము లేదు.”

లేవి నవ్వలేదు. వాడు చెప్పింది విన్నాను. పెట్టెలో ఉండే చిప్పును కంపెనీ ఇరవై ఏళ్ల కిందే ఆపేసింది. వీడు చచ్చిన చిప్పును యాసిడ్‌తో తెరిచి, కడప ఇంజనీరింగు కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టి, ముక్క ముక్కగా ఫోటోలు తీసి, రెండేళ్లు కంప్యూటరులో గీత మీద గీత దిద్దాడు. కాలేజీలో ఒక లెక్చరరు తన విద్యార్థుల డిజైన్లతో పాటు దాన్నీ తయారీకి పంపాడు. మే నెలలో వంద చిప్పులు వచ్చాయి. నలభై ఇప్పటికే పొలాల్లో ఉన్నాయి. దిద్దిన చిప్పు పటాన్ని ఇంటర్నెట్‌లో కూడా పెట్టాడు, ఏ ఊరి మెకానిక్కైనా చేసుకోవచ్చని.

కంపెనీ ముప్పై రోజులు గడువిచ్చింది. మిగిలిన అరవై చిప్పులు అప్పజెప్పాలి. పటం తీసేయాలి. దొంగతనంగా నకలు తీశానని రాసి సంతకం పెట్టాలి. లేదంటే కోర్టు.

“వాళ్లు చెయ్యరు. నన్ను చెయ్యనీరు,” అన్నాడు లేవి. “సచ్చినదాన్ని బతికిస్తే దొంగతనమా అక్కా?”

బల్ల మీద పరిచిన పటం చూశాను. ఓపికగా గీశాడు. నాలుగు మూలలా నాలుగు కూడిక గుర్తులు. పైన ఎడమవైపు, కాస్త లోపలికి, ఐదోది.

బస్సు ఆలస్యమైంది. తలనొప్పి.

జూలై 7

నాలుగు చాలు. ఐదోది దేనికని లేవి అడగలేదు. నేనూ చెప్పలేదు. నాకు సంబంధం లేని విషయం.

జూలై 9, బుధవారం

ఏడో తరగతి పిల్లలకు డ్రాయింగు పరీక్ష పెట్టాను. ఒక పిల్ల మందారం గీసి, ఆకు ఈనెల్లో తన పేరు దాచింది. కనపడకుండా రాయడం తప్పమ్మా అన్నాను. “కనపడేట్టు రాస్తే మార్కులు తీస్తారు కదా టీచర్,” అంది.

మార్కులు తీయలేదు.

ఇక్కడ కూడా రాయకపోతే అది అబద్ధమే అవుతుంది. ఆ పటం నేను గీసింది.

ఎనభై ఎనిమిది నుంచి తొంభై ఒకటి దాకా, బెంగుళూరులో, ఈ కంపెనీలోనే. లేవికి నేను ‘ఏదో ఆఫీసులో బొమ్మలు గీసేది’ అని మాత్రమే తెలుసు. మంచమంత వెడల్పు పారదర్శకపు షీటు. ఆకుపచ్చ ఒక పొర, ఎరుపు ఒక పొర, నీలం ఒక పొర. చీఫ్ ఇంజనీరు సర్క్యూటు ఇచ్చేవారు. ఏ గీత ఎక్కడ నడవాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ చోటు మిగలాలి, అదంతా నాది. ఆ తర్వాత దాన్ని నాలుగు వందల రెట్లు చిన్నది చేసి చిప్పు మీద అచ్చు వేసేవాళ్లు. ఒక పొర మీద ఇంకో పొర సరిగ్గా కూర్చోవడానికి మూలల్లో నాలుగు కూడిక గుర్తులు ఉండాలి.

ఐదోది అమ్మ గుర్తు. ఏ పని మొదలుపెట్టినా అమ్మ ముందు ఒక సిలువ గీసేది. ఊరగాయ జాడీ మూత మీద, బియ్యం మూట మీద, మా బడి పుస్తకాల మొదటి పేజీ మీద. అడుగు కాస్త పొడుగ్గా ఉంటుంది. దాని కింద మూడు చుక్కలు. నేను, లేవి, క్రిస్టినా. నాకూ అదే అలవాటు. ఈ డైరీలో ప్రతి పేజీ మీదా ఉంది.

షీటు మీద కూడా పెట్టాను. ఆఖరున తనిఖీ చేసినాయన అది కూడా కూడిక గుర్తే అనుకుని వదిలేశాడు.

తనిఖీ కాగితంలో ఒక వాక్యం ఉండేది: పటంలో అనవసరపు గీత ఏదీ లేదు. దాని కింద సంతకం పెట్టాను.

జూలై 13, ఆదివారం

లేవి ఫోన్. నోటీసు ఇంకోసారి చదివించుకున్నాడట. వాళ్ల దగ్గరున్న రుజువు ఐదో సిలువే. దానికి కరెంటుతో పని లేదు. సొంతంగా ఆలోచించి గీసినవాడి పటంలో అది ఉండదు, చూసి దిద్దినవాడి పటంలోనే ఉంటుంది అని రాశారు.

“నీకు తెలియలేదా అది దేనికీ పనికిరాదని?” అని అడిగాను.

“తెలిసింది.”

“మరి ఎందుకు తీసేయలేదు?”

“గీతను చెరపడం ఒక్క నొక్కు పని. రెండు మూడు మాట్లు వేలు పెట్టినా. సిలువను ఎట్ల చెరపాలక్కా?”

ప్రపంచంలో ఇంకెవరైనా చెరిపేసేవాళ్లు.

జూలై 19, శనివారం. కర్నూలు

రాత్రి చెల్లెలు క్రిస్టినా ఇంట్లో దిగాం. పొద్దున లాయరు దేవేంద్రప్ప గారి దగ్గరికి. ఆదోని వైపు మనిషి, నోటీసును చివర నుంచి మొదటికి చదివే అలవాటు.

“చూడప్పా లేవీ,” అన్నాడు. “చిప్పు పనిచేసే తీరుకు పేటెంటు ఉండె, అది యానాడో తీరిపాయె. చిప్పు పటాలకని వేరే చట్టం రెండు వేలల్లో వచ్చె. దాని కింద రిజిస్టరు చేసుకుంటే పదేండ్లు. వీళ్లు చేసుకోల్యా. చేసుకుందామన్నా అప్పటికే అది పాత సరుకు. ఇంగ వీళ్లకు మిగిలింది ఒకటే. కాగితం మీద గీసిన బొమ్మ.”

“బొమ్మకేముండాది సార్?”

“బొమ్మకు కాపీరైటు. గీసినాయన బతికున్నన్నాళ్లు, పోయినాక ఇంకో అరవై ఏండ్లు. గీసింది ఫలానా అని పేరు కూడా పెట్టినారు. అప్పటి చీఫ్ ఇంజనీరు. రెండు వేల నాలుగులో పోయినాడంట. అంటే అరవై నాలుగు దాకా నువ్వు ముట్టుకోగూడదు.”

“అప్పటికి బోర్లే ఉండవు,” అన్నాడు లేవి.

“ఈ వాదం నిలబడకపోవచ్చు. కానీ నిలబడదని తేలేకే పదేండ్లు పడతాది. నీకు అంత ఓపికుండాదా?”

ఆ పేరు నేనూ చదివాను. నోటీసు రెండో పేజీ, పై నుంచి నాలుగో పంక్తి. ‘స్వహస్తాలతో గీసిన’ అని ఉంది. ఆయన చేతులు నాకు గుర్తున్నాయి. పెన్సిలు పట్టుకున్నప్పుడు కూడా సిగరెట్టు పట్టుకున్నట్టే ఉండేవి. షీటు మీద బూడిద రాలకుండా నేను అడ్డం చెయ్యి పెట్టేదాన్ని.

దేవేంద్రప్ప గారు కుర్చీ వెనక్కి వాలి ఒక ఉపాయం చెప్పాడు. “మీరు క్రైస్తవులు కదా. ఆ సిలువ నేనే పెట్టుకున్యాను, ఏ పని చేసినా పెట్టుకుంటాను, మా ఇంటి అలవాటు అని రాయి. ఏ జడ్జి అయినా నమ్ముతాడు. వాళ్ల పటంలోదీ నీ పటంలోదీ అనుకోకుండా కలిసినాయి అంటాం. కూడిక గుర్తు ఎవరికైనా సిలువ మాదిరే ఉంటాది.”

లేవి మొహంలో రెండు వారాల తర్వాత వెలుతురు చూశాను. “నిజమే కదా సార్. మా అమ్మ పెట్టేది. మా అక్క ఇప్పటికీ పెడతాది. అడగండి.”

ఇద్దరూ నా వైపు చూశారు.

“పెడతాను,” అన్నాను. అంతే అన్నాను.

జూలై 20

పేరు నాకు అక్కర్లేదు. ఎన్నడూ అడగలేదు.

జూలై 22, మంగళవారం

స్వహస్తాలతో.

జూలై 23

ప్రార్థనలో కూర్చుంటే మాటలు రావడం లేదు. కళ్లు మూసుకుంటే నీలం పొర కనిపిస్తుంది. పై వరసలో మూడో గీత దగ్గర చోటు చాలక రెండు సార్లు చెరిపి, గీతను మెట్టులా వంచాను. లేవి పటంలో కూడా ఆ మెట్టు ఉంది. ఎందుకు వంగిందో వాడికి తెలియదు. వంగింది కాబట్టి వంచాడు.

పేరు నాకు అక్కర్లేదు. అది దేవుడికి తెలుసు. కానీ గీయనివాడికి ఇవ్వడం ఏమిటి?

జూలై 26

లేవి రాయించిన జవాబు ఫోన్‌లో పంపాడు. ‘సదరు సిలువ నా సొంత ఆచారం ప్రకారం నేనే గీసితిని.’ చదివి చెప్పమన్నాడు. అక్షర దోషాలు రెండు దిద్ది పంపాను.

దోషాలు దిద్దాను. నన్ను నేను ఏమనుకోవాలి?

జూలై 27, ఆదివారం

ఓబుళేశు మూడో మోటారు కాలింది. నోటీసు వచ్చినప్పటి నుంచి లేవి కొత్తగా ఒక్క చిప్పు కూడా వేయడం లేదు. అరవై చిప్పులూ బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత మీద టేపు చుట్టాడు. నేను వెళ్లేసరికి ఓబుళేశు కాలిన మోటారును షాపు గడపలో అడ్డంగా పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

“డబ్బాలో పెట్టుకుని పూజ చెయ్యి లేవీ,” అంటున్నాడు. “అరవై ఉండాయి, నా ఒక్కనికి ఒకటి ఎయ్యలేవు. పక్క పొలం హనుమేష్‌కు మేలో ఏసినావు. వాని బోరు ఆగితే పెట్టె ఆపుతాది. నా బోరు ఆగితే నేను పరిగెత్తల్ల. నాకు మోకాళ్లు నొప్పి.”

“కోర్టుకు పోవల్సొస్తాదిరా.”

“పో. నేనూ వస్తా. మోటారు కాలిపోయినాక నాకేం పని?”

ఓబుళేశు వెళ్లాక లేవి జవాబు కాగితం బయటికి తీశాడు. సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాడు. అప్పుడు చెప్పాను. పెద్దగా ఏమీ చెప్పలేదు. “ఆ సిలువ నీది కాదు, నాది. ఆ పటం నేను గీసింది” అన్నాను.

వాడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పటం తెచ్చి పరిచాడు. సిలువ కింది మూడు చుక్కలను మరకలనుకుని వదిలేశాడట. నేను నీలం పొరలో మెట్టు చూపించి, అది ఎందుకు వంగిందో చెప్పాను. ఎరుపు పొరలో నేను తప్పు చేసి సరిదిద్దిన చోటు చూపించాను. అక్కడ ఒక గీత అవసరం లేకుండా లావుగా ఉంటుంది.

“ఆ లావు గీత ఎందుకో తెలుసుకోనీకి నాకు నాలుగు నెలలు పట్టింది,” అన్నాడు. “నాలుగు నెలలక్కా. పుస్తకాలు తిరగేసినా, లెక్చరరును సంపినా. నువ్వు కడపలో ఇరవై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉండావు.”

“నాకు తెలియదు కదరా నువ్వు చేసేది ఇదే అని.”

“తెలీదా?”

“తెలియదు.”

వాడు నమ్మాడు. బస్సులో కూర్చున్నాక నాకే నమ్మకం కలగలేదు.

జూలై 28

నిన్న రాసింది సరిచేస్తున్నాను. తెలుసు. పోయిన డిసెంబరులో క్రిస్మసుకు వచ్చినప్పుడు లేవి ఫోన్‌లో ఫోటో చూపించాడు. మసక మసకగా పై ఎడమ మూల. సిలువ, మూడు చుక్కలు. గుర్తుపట్టాను. “బాగుంది,” అన్నాను. పులుసు పొంగుతోందని లోపలికి వెళ్లాను.

ఎందుకు చెప్పలేదు? అప్పుడే చెప్పి ఉంటే ఐదోది తీసేయమనేదాన్ని. తీసేసి ఉంటే నోటీసులో రాయడానికి వాళ్లకు ఏమీ ఉండేది కాదు.

తీసేయడం నాకు ఇష్టం లేదు. అదీ సంగతి. మళ్లీ అచ్చవుతుందని తెలిసి, వంద సార్లు అచ్చవుతుందని తెలిసి, నోరు మూసుకుని కూర్చున్నాను. నా తమ్ముడి మెడకు చుట్టుకునేది నా గర్వమని అప్పుడు అనుకోలేదు.

లేవికి ఫోన్ చేసి చెప్పాను. “సరేలే” అని పెట్టేశాడు.

జూలై 30

లేవి ఫోన్ తీయడం లేదు.

జూలై 31

తీయలేదు. మరదలు తీసింది. “చిప్పుల డబ్బా ముందర పెట్టుకుని కూర్చున్యాడు వదినా. తినేకి పిలిస్తే పలకడు,” అంది.

ఆగస్టు 2, శనివారం. కర్నూలు

లేవి బస్టాండులోనే కలిశాడు. టీ తెచ్చి చేతిలో పెట్టాడు. లాయరు ఆఫీసు మెట్లెక్కుతూ, “లావు గీత సంగతి ఒక్కటి చెప్పింటే సాలు,” అన్నాడు. అంతే. ఆ తర్వాత మామూలుగానే ఉన్నాడు.

జవాబుకు రేపే ఆఖరు. దేవేంద్రప్ప గారికి అంతా చెప్పాను. ఆయన ఈసారి కుర్చీలో వాలలేదు.

“అమ్మా, మీరు గీసినారనే అనుకుందాం. మీరు వాళ్ల ఉద్యోగస్తురాలే కదా? ఉద్యోగంలో ఉండి గీస్తే అది కంపెనీదే. మీకు పేరు దక్కొచ్చు. మీ తమ్మునికి ఏమీ ఒరగదు. పైగా లెక్క ఇంకా దూరం పోతాది. మీరు బతికే ఉండారు. అరవై ఏండ్లు ఇంకా మొదలే కాలా.”

లేవి నా వైపు చూసి మొదటిసారి నవ్వాడు. “బాగుండాదక్కా. నువ్వు నూరేండ్లు బతికితే ఇంగ ఎవ్వరూ చిప్పు చేసుకోగూడదు.”

“ఉద్యోగం కాదు,” అన్నాను.

“మరి?”

“షీటుకు ఇంత అని ఇచ్చేవాళ్లు. అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇవ్వలేదు. నేను, కృష్ణవేణి అని డోన్ అమ్మాయి, ఇద్దరమూ అడిగాం. పర్మనెంటు చేస్తే పీఎఫ్ కట్టాలి, సెలవులు ఇవ్వాలి అని చీఫ్ ఇంజనీరు గారే చెప్పారు. గేటులో మమ్మల్ని సందర్శకులని రాసుకునేవాళ్లు.”

“ఎన్నాళ్లు?”

“ముప్పై ఒక్క నెలలు.”

“దానికి ఏమన్నా కాగితముండాదా?”

సంచిలో నుంచి పాటల పుస్తకం తీశాను. అందులో పేజీ గుర్తుగా పెట్టుకునే కార్డు తీసి బల్ల మీద పెట్టాను. పసుపు రంగు, అంచులు నలిగాయి. నా ఇరవై ఏళ్లప్పటి ఫోటో. పైన అచ్చులో ‘విజిటర్’. వెనక నెలకొక గుండ్రటి ముద్ర. అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు పెన్సిళ్లు బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. గేటులో కార్డు వాపసు ఇవ్వాలని గుర్తు రాలేదు. మళ్లీ వెళ్లలేదు. అప్పటికి లేవికి పద్నాలుగు, క్రిస్టినాకు పది.

దేవేంద్రప్ప గారు ముద్రలు ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయాడు. చివరికి చేరి, మళ్లీ మొదటికి వచ్చాడు.

“బయటిమనిషి గీసింది గీసినోళ్లదే, రాసి ఇస్తే తప్ప,” అన్నాడు నెమ్మదిగా. “మీరు ఏమన్నా రాసిచ్చినారా?”

“తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాను. అనవసరపు గీత లేదని. అది అబద్ధం. అది కూడా జవాబులో రాయాలి.”

“ఎందుకమ్మా? వాళ్లకు ఆయుధం ఇచ్చినట్టు.”

“రాయాలి.”

లేవి పాత జవాబు చింపేశాడు. కొత్తది టైపు అయ్యేసరికి రెండున్నర. నాతో పాటు ఎవరైనా సాక్ష్యం చెప్తే బలం అన్నాడు దేవేంద్రప్ప గారు.

ఆగస్టు 16, శనివారం. డోన్

నిన్న బడిలో జెండా పండుగ ముగించుకుని కర్నూలు చేరాను. పొద్దున రైలులో డోన్. కృష్ణవేణమ్మను ముప్పై నాలుగేళ్ల తర్వాత చూడటం. పెద్ద రైతు కుటుంబం. ఇప్పుడు కొడుకులకు లారీలున్నాయి. గుమ్మంలో నిలబడి ఎగాదిగా చూసింది.

“నువ్వు ఇంకా బతికే ఉండావా రత్నమణీ?”

“నేను చచ్చినా అరవై ఏళ్లు ఉంటానంట. లాయరు చెప్పాడు.”

విషయం చెప్పాను. నా పటాలన్నీ పైకి పోకముందు తనిఖీ చేసి రెండో సంతకం పెట్టింది ఆమే. సిలువను అప్పుడే చూసింది. ‘ఉండనీలే, మీ దేవుడు కూడా ఒక కన్నేసి ఉంచుతాడు’ అని నవ్వింది. ఆ మాట ఆమెకు గుర్తుంది.

“నిన్ను కూడా నాతో పాటు అబద్ధంలోకి లాగాను,” అన్నాను. “ఆ సంతకం గురించి ఇన్నేళ్లుగా ప్రార్థన చేస్తున్నాను.”

“దానికా? ముప్పై నాలుగేండ్లా?” చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మీ దేవునికి శానా ఓపిక. నేను ఆ దినమే మర్చిపోయినా. ఇదిగో, గేటులో ఆ పుస్తకం మర్చిపోలేదు నేను. ఎవరిని చూడనీకి వచ్చినారు అని ఒక గడి ఉండేది. దినామూ ఆయన పేరే రాయల్ల. మూడేండ్లు ఆయన్ను చూడనీకి పోయినట్టు. మా నాయనకు తెలిసింటే నరికేసేటోడు.”

సాక్ష్యం కాగితం చదవకుండానే సంతకం పెట్టబోయింది. చదవమన్నాను.

“నువ్వు గీసినవన్నిటి కిందా గీత గీతా చూసే పెట్టినా అప్పుడు. ఇప్పుడు అద్దాలు లోపలుండాయి. నువ్వే చదువు.”

చదివాను. ఒక చోట ఆపింది. “ఈడ ‘సహాయకురాలు’ అని ఎందుకు రాసినారు నిన్ను? సహాయకురాలు ఎవరు? గీసింది నువ్వు.” పెన్ను తీసుకుని తనే కొట్టేసి ‘గీసిన మనిషి’ అని రాసింది.

రైలులో ఏడుపు వచ్చింది. ఎందుకో తెలియదు. పక్కన కూర్చున్నామె మామిడి తాండ్ర పెట్టింది.

ఆగస్టు 24

కంపెనీ నుంచి జవాబు లేదు.

ఆగస్టు 28

లేదు. లేవి షాపులో రోజుకు ఇద్దరో ముగ్గురో చచ్చిన పెట్టెలు తెచ్చి వరసగా పెట్టి పోతున్నారట. ఇరవై రెండు అయ్యాయి. ఎర్ర ఇటుకల గోడలాగా ఉందన్నాడు.

సెప్టెంబరు 1, సోమవారం

జవాబు వచ్చింది. నేను గీశానని వాళ్లు ఒప్పుకోవడం లేదు. కార్డు నిజమైనదే కావచ్చు, కానీ సందర్శకురాలు చూడటానికి వస్తుంది గానీ పటాలు గీయదు అని రాశారు. మూడు సార్లు చదివాను. పని చేయించుకోవడానికి సందర్శకురాలిని చేశారు. పని చేశానంటే సందర్శకురాలివి కదా అంటున్నారు.

పన్నెండో తేదీ కర్నూలులో వాళ్ల ఆఫీసుకు వస్తే మాట్లాడుకుందాం అని చివర ఒక ముక్క.

సెప్టెంబరు 5

లేవి వెళ్లొద్దన్నాడు. వెళ్లాలి. కోపంతో వెళ్లకూడదని మాత్రం ప్రార్థించాను. ఆ ప్రార్థన ఇంకా అందినట్టు లేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం. కర్నూలు

బళ్లారి చౌరస్తా దగ్గర వాళ్ల కొత్త పెట్టెలు అమ్మే ఆఫీసు. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తిప్పి ముందు పెట్టాడు. పేరు, ఊరు, ఎవరిని చూడటానికి. అదే గడి. లేవి వాళ్ల లాయరు పేరు రాశాడు. నేను కాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాను.

‘నా పటాన్ని’ అని రాశాను.

“ఆ పేరుతో ఈడ ఎవరూ లేరే అమ్మా,” అన్నాడు వాచ్‌మన్.

“ఉంది,” అన్నాను. కార్డు మెడలో వేశాడు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి.

లోపల వాళ్ల లాయరు, బెంగుళూరు నుంచి హర్షిణి అని ఒక ఇంజనీరు అమ్మాయి. ముప్పై ఉండవు. దేవేంద్రప్ప గారు నా పక్కన. వాళ్ల లాయరు మర్యాదగానే మాట్లాడాడు. వయసు, ఆరోగ్యం అడిగాడు. ముప్పై ఐదేళ్ల కింద గీసిన గీతలు ఎవరికైనా ఎలా గుర్తుంటాయి అన్నాడు.

“లేవి పటం ఇంటర్నెట్‌లో ఉంది కదండీ, చూసి నేర్చుకుని రావచ్చు,” అని కూడా అన్నాడు.

“ఒక పని చేద్దామా సార్,” అంది హర్షిణి. “చిప్పు మీద ఉండేది చివరి పటం. దాని కంటే ముందు ఒక చిత్తు పటం ఉంది. అది మా బీరువాలో తప్ప ఎక్కడా లేదు. అమ్మా, పై ఎడమ మూల ముందు ఎట్లా గీశారో గుర్తుందా?”

తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చారు. నాకు గుర్తుందో లేదో ఆలోచించలేదు. కాగితం సరిచేసుకున్నాను. గీయడం మొదలుపెట్టాను. నీలం గీత మొదట తిన్నగా వచ్చేది, ఎరుపుకు తగిలేది. అందుకే కదా రెండు సార్లు చెరిపింది. చెరిపిన రెండు దారులూ చుక్కల గీతలతో చూపించాను. పావుగంట పట్టి ఉంటుంది. తల ఎత్తితే హర్షిణి నీలం గీత వైపు చూడటం లేదు. కాగితం పై మూల చూస్తోంది.

అక్కడ సిలువ ఉంది. మూడు చుక్కలు. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. కాగితం సరిచేసుకున్నప్పుడే పెట్టి ఉంటాను.

“మాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఈ గుర్తు చూపిస్తారమ్మా,” అంది హర్షిణి. “నకలు తీసే దొంగలను పట్టుకోవడానికి చీఫ్ ఇంజనీరు గారు తెలివిగా పెట్టిన వల అని చెప్తారు.”

“వల కాదమ్మా. ఊరగాయ జాడీ మీద పెట్టేది.”

ఆ అమ్మాయి తన సంచిలో నుంచి చిత్తు పటం ఫోటో తీసి, నేను గీసిన దాని పక్కన పెట్టి, వాళ్ల లాయరు ముందుకు జరిపింది. ఆయన ఒకసారి చూసి, ఫోటో మీద చెయ్యి పెట్టి ఆమెను బయటికి తీసుకుపోయాడు. ఇరవై నిమిషాలు. తిరిగి వచ్చింది ఆయనొక్కడే. చేతిలో ఇంకో కాగితం ఉంది, అది ముందే టైపు చేసింది. పటం మీద నాకేమైనా హక్కు ఉంటే అదంతా కంపెనీకి ఇచ్చేస్తున్నానని. ప్రతిగా మా తమ్ముడి మీద కేసు ఉండదు. బెంగుళూరు ఆఫీసు గోడ మీద నా పేరు, ఫోటో పెడతారు.

“అరవై చిప్పులు?” అని అడిగాను.

“అవి మాకు అప్పజెప్పాలి.”

“పాత పెట్టెలవాళ్లు?”

“కొత్తవి ఉన్నాయి కదమ్మా.”

గోడ మీద పేరు. పేరు నాకు అక్కర్లేదని ఎన్ని సార్లు రాసుకున్నానో ఈ డైరీలో ఉంది. ఆ మాట అబద్ధమని అక్కడ కూర్చున్నప్పుడు తెలిసింది. కావాలి. ఒక్క నిమిషం చాలా కావాలనిపించింది. దాచడం ఎందుకు?

నేను గీసిన కాగితం తిప్పి వెనక రాశాను: ఈ పటం నేను గీసింది. దీన్ని చూసి చిప్పు చేసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. రత్నమణి, కడప. తేదీ వేశాను. అనవసరపు గీత ఒకటి ఉందని కూడా రాశాను.

లేవి ఫోన్‌తో ఫోటో తీశాడు. కంపెనీ కాగితం బల్ల మీదే ఉంది. వాళ్ల లాయరు లేచి నిలబడ్డాడు. “కోర్టులో చూసుకుందాం అయితే.”

“చూసుకుందాం,” అన్నాడు దేవేంద్రప్ప గారు. “మాకు టైముండాది. ఆమె ఆరోగ్యం బాగుండాదని మీరే అడిగి తెలుసుకున్యారు కదా.”

మెట్లు దిగుతుంటే లేవి నా సంచి తీసుకున్నాడు. గేటు దాకా వచ్చేశాం. వాచ్‌మన్ వెనక నుంచి పిలిచాడు. “అమ్మా, కార్డు.”

మెడలో నుంచి తీసి ఇచ్చేశాను.

సెప్టెంబరు 14, ఆదివారం. కమలాపురం

చర్చి నుంచి నేరుగా వచ్చాను. షాపు తెరిచే ఉంది. ఏమీ అనలేదు. లేవి బిస్కెట్ల డబ్బా టేపు విప్పాడు. నేను రాసిన కాగితం ఫోటోను ఇంటర్నెట్‌లో పటం పక్కనే పెట్టాడట. కోర్టు కాగితాలు ఎప్పుడొస్తాయో తెలియదు. వస్తాయి.

ఓబుళేశు పొలానికి ముగ్గురం వెళ్లాం. చీనీ చెట్ల ఆకులు ముడుచుకుని ఉన్నాయి. లేవి చిప్పు బిగించి పెట్టె మూత వేశాడు. ఓబుళేశు మీట నొక్కాడు. నీళ్లు వచ్చాయి. మొదట ఎర్రగా, తర్వాత తేటగా.

“ఆగినప్పుడు సూడల్ల, ఇప్పుడు కాదు,” అన్నాడు ఓబుళేశు. గట్టు మీద కూర్చున్నాం.

ఇరవై నిమిషాలకు ధార సన్నబడింది. పైపు దగ్గింది, గాలి వచ్చింది. ఓబుళేశు అలవాటుగా పరిగెత్తబోయి ఆగాడు.

పెట్టెలో టక్కుమంది. మోటారు ఆగింది.

నేను గీసింది పనిచేయగా ఇంతవరకు ఎన్నడూ వినలేదు. ఇంకోసారి వినాలంటే బోరులో నీళ్లు ఊరాలి. రెండు గంటలు పడుతుందన్నాడు ఓబుళేశు.

చివరి బస్సు ఆరున్నరకు. అయినా లేవకుండా కూర్చున్నాను.